వీరేశం సేటు పూడ్చని బావి

పోయిన నెల వీరేశం సేటు మనవడు మా ఇంటికి వచ్చాడు. ఒక చేతిలో ఉస్మానియా బిస్కెట్ల డబ్బా, ఇంకో చేతిలో ఫోను. కూర్చున్న అరగంటలో ఆ ఫోను మీద నుంచి కళ్ళెత్తింది రెండుసార్లు. ఒకసారి మంచినీళ్ళు తీసుకోవడానికి, ఒకసారి నాకు వినపడుతోందో లేదో చూసుకోవడానికి. నాంపల్లిలో వాళ్ళ తాత కట్టించిన పాత ఇళ్ళు కూలగొట్టి అపార్ట్‌మెంటు కడుతున్నారట. వెనక పెరట్లో ఒక చోటు ఉండేదనీ, అది సరిగ్గా ఎక్కడో వాళ్ళింట్లో తెలిసినవాళ్ళు ఇప్పుడెవరూ లేరనీ, అప్పట్లో అక్కడ కిరాయికి ఉన్నవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నేననీ చెప్పాడు. "జర వచ్చి చూపెట్టున్రి ఆంటీ. కారు పంపిస్త," అన్నాడు. దేనికని నేను అడగలేదు. కొత్త ఇల్లు కట్టేవాడికి పాత బావి ఎక్కడుందో తెలియాలి కదా. ఇన్నేళ్ళకు ఆ వంశంలో ఒకడికి బుద్ధి పుట్టిందని సంతోషించాను. మనుషుల గురించి తొందరపడి మంచిగా అనుకోవడం ఈ వయసులో కూడా నన్ను వదలని చెడ్డ అలవాటు.

ఆ ఇళ్ళు నాంపల్లి స్టేషన్‌కు ఎంత దగ్గరంటే, ఇంజను కూత వేస్తే మా అమ్మ పప్పు గిన్నె మీద మూత కదిలేది. ఒకే కాంపౌండులో ముందు సేటు ఇల్లు, వెనక పెరటి చుట్టూ నాలుగు వాటాలు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మేము అందులో ఒక వాటాలో దిగాం. మా నాయిన నాంపల్లి కోర్టులో నకళ్ళు రాసే గుమస్తా. ఇంటికి వచ్చాక కూడా చిన్న రాతబల్ల ముందు మఠం వేసుకుని రాస్తూనే ఉండేవాడు. ఆయన చూపుడు వేలికి సిరా మరక ఒక పుట్టుమచ్చలా ఉండిపోయింది. ఆయన చెల్లెలు యశోదత్తకు భర్త పోయాక పెరటి చివర ఒంటి గది ఇప్పించాడు. అత్త అందులో కుట్టు మిషను పెట్టుకుని రవికలు కుట్టేది. తెల్లవారగానే నల్లా దగ్గర బకెట్ల వరస, సబ్బు నురగ, బొగ్గుల పొగ, అత్త మిషను చప్పుడు. వీటన్నిటి మీదా ఒక దుప్పటిలా పరుచుకుని చింతపండు వాసన.

చింతపండు సేటుది. బేగం బజార్‌లో ఆయనకు టోకు దుకాణం ఉండేది. అక్కడ పట్టని బస్తాలు ఇంటి ముందు గదుల్లో పేర్చేవాడు. మా బట్టలకూ, దుప్పట్లకూ, నేను తెచ్చుకున్న పుస్తకాలకూ అదే పులుపు వాసన. సేటు పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఒక గంటసేపు వేపపుల్ల నమిలేవాడు. నమలడానికి పళ్ళు ఎంత పని చేసేవో, సలహాలివ్వడానికి నోరు అంతకంటే ఎక్కువ పని చేసేది. జ్వరానికి మందు, కోర్టు వ్యవహారం, గ్రహణం, ఢిల్లీ రాజకీయం, ఏదైనా ఆయనకు తెలుసు. గోడ మీది కాలెండరులో తిథి మాత్రం భార్య రాజమ్మను పిలిచి చదివించుకునేవాడు. ఆ కాంపౌండులో ఆయన మాటకు ఎదురు చెప్పిన వాళ్ళను నేను చూడలేదు. ఇల్లు ఉన్నవాడికి తెలివి కూడా ఉన్నట్టేనని కిరాయికి ఉన్నవాళ్ళు చాలా సులభంగా నమ్ముతారు.

తొమ్మిదో తరగతితో నా చదువు ఆపేశారు. ఆడపిల్లకు అది చాలని అందరూ అన్నారు, సేటు అందరికంటే గట్టిగా అన్నాడు. నేను నాయిన పేరు మీద ఉన్న కార్డు పట్టుకుని, ఆబిడ్స్ మీదుగా నడిచి గ్రంథాలయానికి పోవడం మొదలుపెట్టాను. ఆబిడ్స్‌లో చీరల దుకాణాల అద్దాలు, హోటళ్ళ నుంచి వచ్చే చాయ్ ఆవిరి, ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాలు, అన్నీ దాటుకుని వెళ్ళేదాన్ని. అక్కడి గుమస్తా మొదటి ఏడాదంతా "నాయినకేం కావాల్నమ్మా?" అని అడిగాడు. రెండో ఏడాది అడగడం మానేశాడు గానీ, పుస్తకం ఇచ్చేటప్పుడు చూసే చూపు మానలేదు. పుస్తకం కావాలంటే ఒక చిన్న చీటీ మీద పేరు రాసివ్వాలి. ఆ చీటీలు రోజూ నాలుగు ఎక్కువ తీసుకుని దాచుకునేదాన్ని. నా చదువుకు ప్రభుత్వం పెట్టిన ఖర్చు అంతే.

ఒక వేసవిలో భూగర్భశాస్త్రం మీద ఒక లావుపాటి ఇంగ్లిష్ పుస్తకం దొరికింది. కుట్లు ఊడిపోయి, అట్ట విడిగా వచ్చేసి ఉంది. పక్కన నిఘంటువు పెట్టుకుని రోజుకు ఒక పేజీ చొప్పున చదివాను. అందులో నేల ఉన్నట్టుండి కుంగి గుంటలు పడడం గురించి ఒక అధ్యాయం. వాన చుక్క దిగివచ్చేటప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంచెం కలుపుకుంటుంది, మట్టిలో ఇంకేటప్పుడు ఇంకొంచెం. నాలుకకు తెలియనంత పులుపు ఆ నీటికి వస్తుంది. ఆ పులుపుకు నల్లరాయి చలించదు, సున్నపురాయి మాత్రం కరుగుతుంది. పగుళ్ళ వెంట నీరు పోతూ పోతూ, మనిషి లెక్కకు అందనంత కాలంలో, కింద గుహ చేస్తుంది. ఆ గుహ పైకప్పు నుంచి మట్టి కొంచెం కొంచెంగా లోపలికి రాలుతుంది. గుంట కింది నుంచి పైకి పెరుగుతూ వస్తుందన్నమాట. పైన గడ్డి పచ్చగానే ఉంటుంది, మనుషులు నడుస్తూనే ఉంటారు. చివరికి మిగిలిన ఆ పలచని పొర ఒక రోజు తెగిపోతుంది. చూసినవాళ్ళు అనుకోకుండా జరిగిందంటారు. అనుకోనిది వాళ్ళు. నేల ఎప్పటినుంచో చెబుతూనే ఉంటుంది.

ఎలా చెబుతుందో కూడా అందులో ఉంది. నిన్న సరిగ్గా పడిన తలుపు ఇవాళ గుమ్మానికి పట్టేస్తుంది. గోడకు మూలల్లో ఏటవాలుగా పగుళ్ళు వస్తాయి. నేల మీద పగులు తిన్నగా పోకుండా విరిగిన చేతిగాజు ముక్కలా వంగి పోతుంది. గుంజలు ఒకే వైపుకు, ఒక నడిమి చోటు వైపుకు ఒరుగుతాయి. వాననీరు ఒకచోట చేరి, మిగతాచోట్ల కంటే తొందరగా మాయమవుతుంది. స్థలం ఉన్నవాడు ఏడాదికి రెండుసార్లు తన నేల మీద కళ్ళు తెరుచుకుని నడిస్తే చాలు, ఇవన్నీ కనిపిస్తాయి. ఆ వాక్యం చదివి పుస్తకం మూసి పెరట్లోకి వచ్చాను. యశోదత్త గది తలుపు నెల రోజులుగా పడడం లేదు. మల్లెపందిరి గుంజలు రెండూ పెరటి నడుమకు ఒరిగి ఉన్నాయి. పందిరి పక్కన మట్టిలో వేలు దూరేంత పగులు, అరచందమామలా. స్నానాల గది మోరీ నీళ్ళు అక్కడిదాకా వచ్చి, మోరీలో ముందుకు పోకుండా ఎటో పోతున్నాయి. నాకు ఒళ్ళు జలదరించింది. నిజం చెప్పాలంటే భయం కంటే ఆనందమే ఎక్కువ. పుస్తకంలో ఉన్నది మా పెరట్లో ఉంది!

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని దాచను. సున్నపురాయి కావాలి కదా. మా ఇంట్లో నేలంతా పరిచింది షాబాద్ బండలే. నిమ్మకాయ ఆ బండ మీద కోస్తే తెల్లటి మచ్చ పడుతుందని మా అమ్మ రోజూ అరుస్తూనే ఉండేది. బండ అంచు కొంచెం గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండాను. సన్నటి నురగ వచ్చింది. అంటే సున్నపురాయి. అంటే మా ఇల్లు సున్నపురాయి మీద ఉంది! అదే ఊపులో అరుగు మీదికి పోయి సేటుకు చెప్పాను. ఆ వేళకు ఆయన బామ్మర్ది కూడా అక్కడే ఉన్నాడు. ఆయన ప్రభుత్వంలో ఓవర్సీర్, రోడ్లు వేయించేవాడు.

"పెదనాయినా, మన పెరటి కింద గుహ పడుతున్నది. రాయి కరుగుతున్నది," అన్నాను.

సేటు వేపపుల్ల నోట్లోంచి తీశాడు. "ఏంది?"

"కింద ఉన్నది సున్నపురాయి. నిమ్మరసం పోసి చూసిన."

"గా బండ ఏడికెళ్ళి వచ్చిందో ఎరుకేనా బిడ్డా నీకు?" అన్నాడు ఓవర్సీర్. "షాబాద్‌ కెళ్ళి గూడ్సు బండ్ల వచ్చింది. గీ స్టేషన్లనే దింపిన్రు. నీ కాళ్ళ కింద ఉన్నది నల్లరాయి. పట్నమంతా గదే. గోల్కొండ చూసినవా? ఏమన్న కరిగిందా?"

సేటు నవ్వి నవ్వి దగ్గాడు. "టోపీ సికింద్రాబాద్‌ల కొంటే నెత్తి గూడ సికింద్రాబాద్‌దే అయితదా లైబ్రరీ పిల్లా? పో, గా నిమ్మకాయ ఏం పాపం చేసింది, ఉప్పు పెట్టి పచ్చడన్న చెయ్యి."

ఆ రోజు నుంచి కాంపౌండులో నా పేరు లైబ్రరీ పిల్ల. ఓవర్సీర్ చెప్పింది నిజం. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది, ఆ మనిషి జీవితంలో చెప్పిన ఒకే ఒక నిజం నా మీద ఖర్చు పెట్టాడు. మర్నాడు మళ్ళీ గ్రంథాలయానికి పోయి అదే అధ్యాయం తీశాను. చివర సన్నటి అక్షరాల్లో అర పేజీ ఉంది. బొమ్మలు లేవని దాన్ని వదిలేశాను మొదటిసారి. సున్నపురాయి లేనిచోట కూడా నేల కుంగుతుందనీ, పాత బావులు, వదిలేసిన గనులు, పగిలిన మోరీలు ఉన్నచోట మట్టి నీళ్ళతో కలిసి కింది ఖాళీలోకి జారిపోతుందనీ, గుర్తులు మాత్రం అవేననీ రాసి ఉంది. గుర్తులు సరిగ్గా పట్టి కారణం తప్పు చెప్పాను. గుహ అంటే గొప్పగా ఉంది, మోరీ అంటే గొప్పగా లేదు. పుస్తకాలు చదివేవాళ్ళకు ఉండే పొగరు అదే.

అంట్లు తోమే బాలమ్మను అడిగాను. ఆ కాంపౌండులో అందరికంటే పాతది ఆమే. "గీడ ఏమన్న బాయి ఉండెనా?" అంటే, బూడిద చేతిని పందిరి వైపు చూపించింది.

"ఉండె గదా బిడ్డా. తియ్యటి నీళ్ళు. నల్లా వచ్చినంక మూసిన్రు."

"పూడ్చిన్రా?"

"పూడుస్తరా? బాయిని సంపుతే వంశం ఆగుతదట. మునిసిపాలిటీ ఆయనేమో దోమలైతున్నయ్, పూడ్చున్రి అన్నడు. సేటు ఏం జేసిండు, పాత టేకు తలుపులు నాలుగు తెప్పిచ్చి బాయి లోపటి గట్టు మీద అడ్డం పెట్టిచ్చిండు. మీద బండలు, బండల మీద మన్ను. లోపట బాయి బాయి లెక్కనే ఉన్నది. గంగమ్మకు ఊపిరి ఆడాలె గద!" చెప్పి చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మునిసిపాలిటీ ఆయనకు మాత్రం మొత్తం పూడ్చినట్టు రాసిచ్చిండు. నేను చెప్పిన్నని అనకు."

ఇదీ సంగతి. దేవతకు భయపడి పూడ్చలేదు, అధికారికి భయపడి పూడ్చినట్టు రాసిచ్చాడు. రెండు భయాల మధ్యా ఒక గోతి మిగిలింది. దాని మీద మల్లెపందిరి వేశాడు, పక్కన మా అత్తకు గది ఇచ్చాడు. టేకు తలుపులకు ఏళ్ళ తరబడి మోరీ నీళ్ళు. తలుపుల సందుల్లోంచి మన్ను లోపలికి రాలుతోంది. గునపం తెచ్చి పగులు పక్కన నేల మీద కొట్టి చూశాను. మిగతాచోట్ల ధప్ మంది, అక్కడ డప్పులా మోగింది.

గ్రంథాలయం చీటీ వెనక పెరటి పటం గీశాను. ఉత్తరం గోడ నుంచి ఎన్ని అడుగులు, అత్త గడప నుంచి ఎన్ని అడుగులు, నడుమ గుండ్రంగా గీత. కింద నాలుగు మాటలు రాశాను. ఇక్కడ బరువు పెట్టవద్దు. తలుపులు తీసి రాయి తగిలేదాకా తోడించాలి. అడుగున పెద్ద రాళ్ళు, మీద కంకర, ఆ పైన మొరం, పొరపొరకూ దిమ్మిస కొట్టించాలి. మోరీ దూరంగా తిప్పాలి. నేను నకళ్ళ గుమస్తా కూతుర్ని, ఏది రాసినా రెండు ప్రతులు రాస్తాను. ఒకటి దాచుకుని ఒకటి సేటుకు ఇచ్చాను. ఆయన దాన్ని తిరగేసి మరగేసి చూసి, సన్నగా చుట్టి చెవిలో తిప్పుకున్నాడు.

"బాయి లేదు, గీయి లేదు. పూడ్చిన అని సర్కారుకు రాసిచ్చిన. సర్కారు కంటె నీకెక్కువ ఎరుకనా?"

"రాసిచ్చిన్రు, పూడ్చలేదు పెదనాయినా."

"ఎవరు చెప్పిన్రు?"

బాలమ్మ పేరు చెబితే ఆమె పని పోతుంది. "పుస్తకంల ఉన్నదా గిది గూడ?" అని ఆయన అరుగంతా నవ్వించాడు.

వారం రోజుల్లో సేటు కూతురి పెండ్లి. వంటలు పెరట్లోనే అన్నారు. వంటమనిషి వచ్చి గాడిపొయ్యిలు తవ్వడానికి జాగా వెతుకుతూ పెరడంతా కాలితో తొక్కి చూశాడు. మల్లెపందిరి పక్కకు రాగానే అతని ముఖం వెలిగింది. "గీడ మన్ను మెత్తగున్నది సేటు, తవ్వుడు అల్క," అన్నాడు. అంతే, నిర్ణయం అయిపోయింది. నేను గీసిన గుండ్రంలోనే రెండు గాడిపొయ్యిలు, వాటి మీద పెద్ద ఇత్తడి గంగాళాలు. నీడ కూడా అక్కడే ఉంది కాబట్టి కూరగాయలు తరిగే ఆడవాళ్ళందరూ ఆ పక్కనే కూర్చోవాలి. అందులో మా అమ్మ ఉంటుంది, యశోదత్త ఉంటుంది. బాలమ్మ నీళ్ళు పోస్తూ ఉంటుంది. నేను ఎవరికి చెప్పినా ఒకటే మాట, నిమ్మకాయ సంగతి. నాయినకు చెబితే, "నోరు మూసుకుంటవా, ఇల్లు ఖాళీ చేపిస్తవా?" అన్నాడు. జీవితమంతా ఇతరుల మాటలకు నకళ్ళు రాసినవాడు, కూతురి మాట ఒక్కటి చదవలేకపోయాడు.

యశోదత్త ఒక్కతే మిషను ఆపి విన్నది. తలుపు పడడం లేదు కాబట్టి ఆమెకు నమ్మకం కుదిరింది. "నువ్వు చెప్పేది ఖరే కావచ్చు బిడ్డా. గని గాయనకు నువ్వు చెప్తే ఇంటడా? అమ్మోరు దిగొచ్చి చెప్తె ఇంటడు," అని నవ్వి, దారం పళ్ళతో తెంపి మళ్ళీ కుట్టసాగింది. ఆమె వేళాకోళానికే అన్నది. నాకు ఆ పగలంతా ఆ మాట చెవిలోంచి పోలేదు.

శుక్రవారం పొద్దున తలస్నానం చేసి, జుట్టు విరబోసుకుని, తడి తుడుచుకోకుండా రాజమ్మ దగ్గరికి పోయాను. "పెద్దమ్మా, నాకు కల వచ్చింది. చెప్పాల్నా వద్దా?" అన్నాను.

రాజమ్మ పెండ్లి పసుపు పళ్ళెం కింద పెట్టింది. "చెప్పు బిడ్డా."

"మన మల్లెపందిరి కాడ ఒకామె కూసున్నది. పచ్చటి ముఖం, పెద్ద బొట్టు. నా నెత్తి మీద నిప్పులు పెడతరా అని అడిగింది. నేను బాయి మైసమ్మను, నా జాగల ఎవరు అడుగు పెట్టినా మింగుతా అన్నది."

మైసమ్మ తల్లి నన్ను క్షమించాలి. ఆమెకు చెరువు కట్టలు కాచే పని చాలదన్నట్టు మా పెరటి పని కూడా అప్పగించాను. ఒక గంటలో గంగాళాలు పెరటి ఆ చివరకు చేరాయి. వంటమనిషి గట్టి నేలను తిట్టుకుంటూ తవ్వాడు. సేటు తానే వచ్చి, చేతులు కట్టుకుని, "ఎంత జాగ బిడ్డా అమ్మోరిది? చూపెట్టు," అన్నాడు. చీటీలో గీసిన గుండ్రమే నేల మీద నడిచి చూపించాను. దాని వెంట రాజమ్మ ముగ్గు పోసింది, చుట్టూ వేపమండలు గుచ్చారు. అమ్మోరి వాకిట్లో గది ఏందని సేటు యశోదత్తను మా వాటాలోకి రమ్మన్నాడు. అడుగు లెక్క తేడా లేకుండా నా పటం ఆ నేల మీదికి ఎక్కింది. కాగితం మీద ఉన్నప్పుడు అది చెవిలో పుల్ల. పసుపు తగిలేసరికి శాసనం.

పెండ్లి నాటి మధ్యాహ్నం మొదటి బంతి లేచింది. బాలమ్మ అంట్లు తోమిన నీళ్ళు మోరీలోకి వంపింది. ఆడవాళ్ళు రాత్రి వంటకు వంకాయలు తరుగుతున్నారు. బస్తా దింపినట్టు ఒక మొద్దు చప్పుడు, అంతే. పుస్తకంలో ఉరుము లాంటి శబ్దం అని ఉంది, మా పెరటికి అంత వైభవం లేదు. చూసేసరికి ముగ్గు లేదు, వేపమండలు లేవు, పందిరి సగం లేదు. గుండ్రటి నల్లటి నోరు, అందులోంచి కుళ్ళిన చెక్క వాసన. ఎన్నేళ్ళకో మొదటిసారి ఆ కాంపౌండులో చింతపండు కాని వాసన వచ్చింది. అత్త గది గడప రెండుగా విరిగి ఒక ముక్క లోపలికి వేలాడుతోంది. అత్త ఈ చివర, మా అమ్మ పక్కన, సగం తరిగిన వంకాయ చేతిలో పట్టుకుని నా వైపే చూస్తోంది. ఆ చూపు ఒక్కటే నాకు ఆ రోజు దక్కిన మెప్పు.

సేటు తలపాగా తీసి నేల మీద సాష్టాంగపడ్డాడు, తర్వాత లేచి నా ముందు చేతులు జోడించాడు. "తల్లీ, నా బిడ్డ పెండ్లి కాపాడినవ్."

"పెదనాయినా, మోరీ నీళ్ళు..." అని మొదలుపెట్టాను.

"చుప్! అమ్మోరు ఇంటున్నది. మోరీ గీరీ అనకు."

ఓవర్సీర్ అంచుదాకా వచ్చి తొంగి చూసి, "నేను చెప్పిన గదా," అన్నాడు. ఏం చెప్పాడో ఎవరూ అడగలేదు. నేను ఏం చదివానని కూడా ఎవరూ అడగలేదు. బాలమ్మ చేంతాడుకు రాయి కట్టి లోతు చూశాను, ఇరవై మూరలు. ఆ లెక్క నా చీటీ మీద రాసుకున్నాను. ఇప్పుడైనా పూడుస్తారని ఎదురుచూశాను. పెండ్లి అయిన మూడో రోజు సేటు కొత్త దూలాలు తెప్పించాడు. కొత్త షాబాద్ బండలు వచ్చాయి. అడ్డంగా దూలాలు, మీద బండలు, మీద మన్ను, మధ్యలో పసుపు పూసిన చిన్న రాయి. ఇదివరకు అది గంగమ్మ ఉన్నదేమోనన్న అనుమానం. ఇప్పుడు మైసమ్మ ఉన్నదని రుజువైపోయింది. ఎవడు పూడుస్తాడు? ఆ రుజువు ఇచ్చింది నేనే. ఒక పూట మనుషులను బతికించడానికి అబద్ధమాడి, ఆ గోతికి శాశ్వతంగా ఒక కాపలాదారును పెట్టాను. సేటును ఎంత తక్కువగా చూశానో, ఆ దూలాలు దిగుతుంటే నన్ను నేను అంతకంటే తక్కువగా చూసుకున్నాను.

తర్వాత రెండేళ్ళకు మేము ఖైరతాబాద్‌కు మారాం. నేను టైపు నేర్చుకుని ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో చేరాను. సేటు ఉన్నన్నాళ్ళూ ప్రతి బోనాల పండుగకూ ఆయన ఇంటి నుంచి కబురు వచ్చేది, మొదటి బోనం నేను చూడాలట. వెళ్ళేదాన్ని. నా అబద్ధానికి వండిన పరమాన్నం చాలా బాగుండేది. వెళ్ళినప్పుడల్లా పెరటి అంచున నిలబడి కొత్త పగులు ఏమైనా ఉందా అని చూసేదాన్ని. నేను కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటున్నాననుకుని మిగతావాళ్ళు కూడా ఆగేవారు.

ఇప్పుడు ఆబిడ్స్‌లో నిలబడితే ఎటు చూసినా అన్నీ తెలిసినవాళ్ళే. ప్రతివాడి జేబులో నా గ్రంథాలయానికి వందింతల గ్రంథాలయం ఉంది. ఆ రోజుల్లో చదవనివాడు చదవలేక చదవలేదు, సేటుకు తిథి కూడా ఇంకొకరు చదివిపెట్టాలి. ఇప్పటివాడికి అన్నీ చదవడం వచ్చు, ఒక్కటీ చదవడు. రెండింటిలో ఏది నయమని అడిగితే, వేపపుల్ల నమిలినవాడే నయమంటాను. కనీసం పళ్ళు గట్టిగా ఉండేవి.

సేటు మనవడు చెప్పినట్టే కారు పంపాడు. పాత ఇళ్ళు పోయాయి, ఉత్తరం గోడ ఒక్కటి మిగిలింది. నాకు ఆ గోడ చాలు. సంచిలోంచి రెండో ప్రతి తీశాను, చీటీ పసుపు రంగుకు తిరిగి మడతల దగ్గర చిరిగింది. గోడ నుంచి అడుగులు లెక్కపెడుతూ నడిచి, చోటు చూపించాను. పసుపు రాయి జాడ లేదు, ఎప్పుడో పోసిన సిమెంటు మీద సన్నటి పగులు, వంగి ఉంది. సరిగ్గా దాని పక్కన ఎర్ర గుర్తు పెట్టి ఉంది, పిల్లరుకు.

"గీడనా! జాగ దొరికింది," అన్నాడు మనవడు. "సెల్లార్‌ల పార్కింగ్ నడుమ అమ్మోరికి చిన్న గుడి కడదామని ఆంటీ. కరెక్టు జాగల ఉండాలె గద."

అప్పుడు అర్థమైంది, నన్ను ఎందుకు పిలిపించాడో. కారణమంతా చెప్పాను. బావి, దూలాలు, మోరీ, ఇరవై మూరల లోతు, పక్కనే పిల్లరు వేస్తే ఏమవుతుందో. విన్నంతసేపూ అతని బొటనవేలు ఫోను మీద ఆడుతూనే ఉంది. "గవన్నీ ఇంజనీర్ చూస్కుంటడు ఆంటీ. ఫికర్ చెయ్యకున్రి. సాయిల్ టెస్ట్ గూడ అయింది."

"ఏడ చేసిన్రు?" అని అడిగాను.

అతని వెనకే నిలబడ్డ ఇంజనీరు, ముప్పై దాటని మనిషి, తలమీది టోపీ సర్దుకున్నాడు. "ముందట చేసినం మేడం. మిషను వెనకకు రాలే, సందు చిన్నగున్నది. మొత్తం ఒకటే నేల గదా."

ఇంకొకసారి చెప్పబోయి ఆగాను. చీటీ మడిచి సంచిలో పెట్టాను, దానిలోని మాటలు నాకు నోటికి వచ్చు. చెప్పులు విడిచి ఆ గుండ్రం అంచున నిలబడి, జుట్టుముడి విప్పాను. మిగిలింది నాలుగు తెల్ల వెంట్రుకలే అయినా పని చేశాయి. కళ్ళు మూసుకున్నాను.

"రాయి తగిలేదాక తోడమంటున్నది," అన్నాను. "ఒక్క దూలం లోపట ఉండొద్దంటున్నది. అడుగున పెద్ద రాళ్ళు, మీద కంకర, మీద మొరం అడుగుతున్నది. మోరీ పైపు తన దిక్కు రావద్దంటున్నది. పిల్లరు తన పక్కన వద్దంటున్నది."

"రాస్కుంటున్న ఆంటీ, రాస్కుంటున్న," అన్నాడు మనవడు. "అమ్మోరు ఇంకేమన్న అడుగుతున్నదా?"

ఒక కన్ను తెరిచి చూశాను. అతను ఫోనును రెండు చేతుల మధ్య పెట్టుకుని దండం పెడుతూనే టైపు చేస్తున్నాడు. వెనక ఇంజనీరు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"దిమ్మిస పొరపొరకూ కొట్టాలంటున్నది," అన్నాను ఇంజనీరు వైపు తిరిగి. అతను అప్పటికే బూట్లు విప్పేసి, బురదలో సాక్సుల మీద నిలబడి తల ఊపుతున్నాడు.